ఊక, బూడిద, పత్తికట్టె: ఓరుగల్లు ఇటుకకు కొత్త ముడిసరుకు

వరంగల్ చుట్టుపక్కల పల్లెల్లో ఏటా రెండు పనులు పక్కపక్కనే జరిగిపోతున్నాయి. పత్తి ఏరుడు ముగిసిన చేలల్లో కట్టె పీకి, కుప్పలు వేసి నిప్పు పెడుతున్నారు. కోత మిషన్ వెళ్లిపోయిన వరి మడుల్లో గడ్డిని తగలబెడుతున్నారు. అదే కాలంలో ఇటుక బట్టీల కోసం చెరువు శిఖాల్లో, పట్టా భూముల్లో పైమట్టిని తవ్వి ట్రాక్టర్లకు ఎత్తుతున్నారు. మట్టి పోతున్న చోటే, ఆ మట్టికి కొంతైనా బదులు కాగల సరుకు పొగైపోతోంది. ఈ రెండింటినీ ఒక్కచోట కలపగలిగితే చేనుకూ మేలు, ఇంటికీ మేలు.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. ఇంజనీరింగ్ కాలేజీల ప్రాజెక్టుల్లో, సైన్స్ ప్రదర్శనల్లో, పరిశోధన పత్రాల్లో పంట వ్యర్థాలతో చేసిన ఇటుకలు ఎన్నో ఏళ్లుగా కనిపిస్తూనే ఉన్నాయి. మేస్త్రీ చేతికి మాత్రం అవి అరుదుగా చేరాయి. ప్రయోగశాలలో పనికొచ్చినది పల్లెలో గోడగా ఎందుకు లేవలేదు? ఏ వ్యర్థం ఏ పనికి నిజంగా సరిపోతుంది? వరంగల్ లాంటి వరి, పత్తి, మిర్చి ప్రాంతం ఎక్కడ మొదలుపెట్టాలి? ఈ వ్యాసం ఆ ప్రశ్నలను పరిశీలిస్తుంది. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఇటుక తయారుచేయడం తెలియక ఈ పని ఆగలేదు. సరుకు సేకరించే ఏర్పాటు, నాణ్యతకు హామీ, కొనేవాడు, ఈ మూడూ ఒకేసారి కుదరక ఆగింది.

రామప్ప గోపురం చెప్పే సంగతి

వరంగల్‌కు సుమారు 70 కిలోమీటర్ల దూరంలో, ములుగు జిల్లా పాలంపేటలో రామప్ప గుడి ఉంది. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో దీన్ని ప్రతిష్ఠించాడని శాసనం చెబుతోంది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినప్పుడు ప్రత్యేకంగా ప్రస్తావించిన విశేషాల్లో దాని విమానం ఒకటి. అది నీటిపై తేలేంత తేలికైన, గుల్లగా ఉండే ఇటుకలతో కట్టినది. కింద రాతి కట్టడం మీద బరువు తగ్గించడానికి ఆ శిల్పులు పైభాగానికి రాయి వాడకుండా ఈ ఇటుకలు వాడారు. మట్టిలో ఊక, రంపపు పొట్టు వంటి మొక్క పదార్థాలు కలిపి కాల్చడం వల్లనే ఆ గుల్లతనం వచ్చి ఉంటుందని పరిశోధకులు భావిస్తున్నారు. బట్టీలో మొక్క పదార్థం కాలిపోతుంది, అది ఉన్న చోట గాలి గదులు మిగులుతాయి.

మొక్క పదార్థాన్ని కట్టడంలో కలపడం దేశమంతటా ఉన్న అలవాటే. తెలంగాణ పల్లెల్లో మట్టిగోడ పెట్టే ముందు మట్టిలో వరిగడ్డి, ఊక వేసి తొక్కి మాగబెట్టేవారు. ఆ గడ్డి పోగులు ఎండుతున్న గోడ పర్రెలు విచ్చకుండా పట్టి ఉంచేవి. ఎల్లోరా గుహల మట్టి గిలాబులో గంజాయి జాతి మొక్క నార కలిపారని 2016లో వెలువడిన అధ్యయనం తేల్చింది. ఇక్కడ గమనించవలసింది పాతవాళ్ల గొప్పతనం ఒక్కటే కాదు. వాళ్లు ఏ సరుకును ఎక్కడ వాడాలో తెలిసి వాడారు. రామప్పలో బరువు మోసే పని రాయి చేసింది, తేలిక ఇటుక పైకప్పుకు వెళ్లింది. ఈనాటి చర్చలో తరచూ తప్పిపోతున్నది ఈ వివేకమే.

ఏది వ్యర్థం, ఏది కాదు

పంట మిగులు అంతా వ్యర్థమని అనుకోవడం దగ్గరే మన లెక్కలు తప్పుతాయి. ఒక్కొక్కటీ విడిగా చూడాలి.

టన్ను వడ్లు ఆడిస్తే రమారమి 200 కిలోల ఊక వస్తుంది. దాన్ని కాలిస్తే 40 కిలోల దాకా బూడిద మిగులుతుంది. 2024 వానాకాలంలో రాష్ట్రంలో కోటిన్నర టన్నులకు పైగా ధాన్యం పండిందని తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది. ఆ లెక్కన ఒక్క సీజన్ ధాన్యంలోనే 30 లక్షల టన్నుల ఊక ఉంది. అదంతా కాలితే 6 లక్షల టన్నుల బూడిద. ఊక మాత్రం వ్యర్థం కాదు. యాసంగి వడ్లు ఎండలకు పగిలి నూక ఎక్కువ అవుతుంది కనుక వాటిని ఉప్పుడు బియ్యం చేస్తారు. ఆ మిల్లుల బాయిలర్లకు ఇంధనం ఊకే. ఇటుక బట్టీలూ, బయోమాస్ విద్యుత్ కేంద్రాలూ దాన్ని కొంటాయి. ఊకకు ధర ఉంది. బాయిలర్ కింద మిగిలే నల్ల బూడిదకు ధర లేదు. దాన్ని మిల్లు వెనకో, రోడ్డు పక్కనో పోస్తున్నారు. గాలి వీస్తే అది ఇళ్ల మీదికీ, బండి మీద వెళ్లేవారి కళ్లలోకీ వస్తుంది. ఇదీ నికరమైన వ్యర్థం.

వరిగడ్డి సంగతి వేరు. అది మొదట పశువుల మేత. టన్ను గడ్డిని కాలిస్తే సుమారు 5.5 కిలోల నత్రజని, 2.3 కిలోల భాస్వరం, 25 కిలోల పొటాష్ పోతాయని వ్యవసాయ శాస్త్రజ్ఞుల అంచనా. అంటే దాన్ని దున్ని మట్టిలో కలపడం రైతుకు ఎరువు మిగిల్చే పని. గడ్డి మొదట పశువుకు, తర్వాత నేలకు, ఆపైన మిగిలితేనే గోడకు అన్న క్రమం పాటించాలి. ఇటుక పేరు చెప్పి నేలను బీద చేయకూడదు.

పత్తికట్టె దగ్గర ఈ చిక్కు తక్కువ. అది చెక్కలాంటిది, త్వరగా మట్టిలో కలవదు, పశువు తినదు. పైగా పంట అయిపోయాక చేలో నిలబడిన కట్టె, దాని మీద మిగిలిన ఎండు కాయలు గులాబీ రంగు పురుగుకు ఆశ్రయమిస్తాయి. అందుకే కట్టెను త్వరగా తీసేయమని వ్యవసాయ అధికారులు చెబుతారు. తీయడానికి రైతు డబ్బు పెడుతున్నాడు, తీసినదాన్ని కాలుస్తున్నాడు. పత్తి సాంకేతికతపై పనిచేసే కేంద్ర పరిశోధన సంస్థ సిర్కాట్ ఈ కట్టెతో పార్టికల్ బోర్డులు చేయవచ్చని చాలాకాలం కిందటే చూపించింది. ఏనుమాముల మార్కెట్‌కు పత్తి, మిర్చి బస్తాలు తరలివచ్చే ఈ ప్రాంతంలో పత్తికట్టె, మిరప కట్టె, మొక్కజొన్న బెండ్లు కలిపి చూస్తే ముడిసరుకుకు కొరత లేదు. ఒక పోటీదారు మాత్రం ఉన్నాడు. థర్మల్ విద్యుత్ కేంద్రాలు బొగ్గులో కనీసం 5 శాతం బయోమాస్ గుళికలు కలపాలని కేంద్రం 2021లో నిర్దేశించింది. రేపు పత్తికట్టెకూ ధర వస్తుంది. అది రైతుకు మంచిదే. ఇటుక తయారీదారు మాత్రం ముడిసరుకు ఎప్పటికీ ఉచితమే అన్న లెక్క కట్టకూడదు.

మొదటి దారి: మట్టిలో కలిపి కాల్చడం

పంట మిగులును ఇటుకగా మార్చే దారులు మూడు. అన్నిటికన్నా పాతది మట్టిలో ఊకనో, బూడిదనో కలిపి కాల్చడం. తెలంగాణ బట్టీల్లో ఇది ఇప్పటికే ఉన్న వాడుక. మట్టి జిగురును తగ్గించడానికి, ఎండేటప్పుడు పగుళ్లు రాకుండా ఉండటానికి ఊక, బూడిద కలుపుతారు. ఇటుకల వరసల మధ్య కూడా ఊక పోసి కాలుస్తారు.

ఊక కలిపిన ఇటుక బట్టీలో లోపలి నుంచి కూడా కాలుతుంది కనుక బయటి బొగ్గు కొంత ఆదా అవుతుంది. కాలాక ఇటుక తేలికవుతుంది, వేడిని తక్కువ మోసుకొస్తుంది. నష్టం కూడా ఆ గుల్లతనంలోనే ఉంది. ఊక పాలు పెరిగేకొద్దీ బలం తగ్గుతుంది, నీరు పీల్చడం పెరుగుతుంది. గాలి సరిగా ఆడకపోతే ఇటుక నడుమ నల్లగా, పచ్చిగా మిగిలిపోతుంది. అందువల్ల బరువులో 5 నుంచి 10 శాతం లోపు కలిపితేనే మామూలు ఇటుక ప్రమాణంలో నిలుస్తుంది.

ఈ దారికి సుగుణం దాని సులువు. కొత్త యంత్రం అక్కర్లేదు, పనివాళ్లకు కొత్తగా నేర్పవలసింది తక్కువ. పరిమితి అంతకన్నా పెద్దది. మట్టి తవ్వకం కాస్త తగ్గుతుంది తప్ప ఆగదు, బట్టీ పొగ ఆగదు. ఒడిశాలోని బలంగీర్, నువాపడా వంటి జిల్లాల నుంచి అడ్వాన్సులు తీసుకుని, పిల్లాపాపలతో ఇక్కడి బట్టీలకు వలస వచ్చే కుటుంబాల బతుకు మారదు. దీన్ని మెరుగుదల అనవచ్చు, పరిష్కారం అనలేం.

రెండో దారి: బూడిదే బంధకం

ఊక బూడిదలో 85 నుంచి 95 శాతం దాకా సిలికా ఉంటుంది. వరి మొక్క నేల నుంచి పీల్చుకుని గింజ పైపొరలో దాచిన సిలికా ఇది. సుమారు 700 డిగ్రీల సెల్సియస్ లోపు అదుపులో కాలిస్తే ఈ సిలికా స్ఫటికంగా మారకుండా చురుకుగా ఉంటుంది. అప్పుడు సున్నంతో, తేమతో కలిసి, సిమెంటు గట్టిపడినప్పుడు ఏర్పడే కాల్షియం సిలికేట్ పదార్థాన్నే ఏర్పరుస్తుంది. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పనిచేసిన భారతీయ శాస్త్రవేత్త పి. కుమార్ మెహతా 1970లలోనే ఊక బూడిదతో సిమెంటు తయారీపై మార్గదర్శకమైన పరిశోధన చేశారు. మన దేశపు కాంక్రీటు నియమావళి ఐఎస్ 456 కూడా, తగిన నాణ్యత, ఏకరూపత ఉంటే ఊక బూడిదను కాంక్రీటులో వాడుకోవచ్చని 2000 నాటి ప్రతిలోనే అనుమతించింది.

అంటే శాస్త్రం ఉంది, నియమం ఉంది. లేనిది సమానమైన నాణ్యత. మిల్లు బాయిలర్‌లో మంట ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. సగం కాలిన కర్బనం మిగిలితే బూడిద నల్లగా వస్తుంది, నీరు ఎక్కువ అడుగుతుంది. మంట మరీ ఎక్కువైతే సిలికా స్ఫటికమై చురుకు కోల్పోతుంది. ఆ స్ఫటిక ధూళి పీలిస్తే ఊపిరితిత్తులకు హాని కూడా. కాబట్టి ఒక మిల్లు బూడిదతో వచ్చిన ఫలితం పక్క మిల్లు బూడిదతో రాకపోవచ్చు. మిల్లు బూడిదను పరీక్షించి, మెత్తగా నూరి, రకాలుగా వేరుచేసే చోటు జిల్లాకు ఒకటి ఉంటే ఈ చిక్కులో పెద్ద భాగం తీరుతుంది.

వరంగల్‌కు ఈ దారిలో మరో అనుకూలత ఉంది. భూపాలపల్లి జిల్లా చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. దాని బొగ్గు బూడిదతో ఇటుకలు చేసే యూనిట్లకు మిశ్రమం కలపడం, ప్రెస్సు నడపడం, నీళ్లు కొట్టి ముదరబెట్టడం అన్నీ తెలుసు. అదే మిశ్రమంలో సిమెంటు పాలు కొంత తగ్గించి, నూరిన ఊక బూడిద చేర్చడం వాళ్లకు చిన్న మార్పు. బట్టీ అక్కర్లేదు, పైమట్టి అక్కర్లేదు. రోజుకు 100 టన్నుల వడ్లు ఆడించే మిల్లు తన ఊకంతా కాలిస్తే రోజుకు 4 టన్నుల బూడిద వస్తుంది. అలాంటి మిల్లులు నాలుగైదు కలిస్తే ఒక మోస్తరు ఇటుక యూనిట్‌కు ఏడాది పొడుగునా సరఫరా ఉంటుంది.

మూడో దారి: కాల్చని నార ఇటుక

గడ్డి, చెరకు పిప్పి, పత్తికట్టె తునకలను సున్నంతోనో, వేరే బంధకంతోనో కలిపి, అచ్చులో కూరి, కాల్చకుండా ఆరబెట్టేది మూడో దారి. ఇందులో తెలుగు నేల మీద జరిగిన పని చెప్పుకోదగినది.

సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో 2021 సెప్టెంబరు 2న బయో ఇటుకలతో కట్టిన చిన్న కట్టడాన్ని ప్రారంభించారు. అది కాపలాదారు గది. డిజైన్ విభాగపు ఆచార్యుడు దీపక్ జాన్ మాథ్యూ, పరిశోధక విద్యార్థి ప్రియబ్రత రౌత్రాయ్ ఈ ఇటుకను రూపొందించారు. పంట వ్యర్థాన్ని ముక్కలు చేసి, సున్నపు బంధకంతో కలిపి, అచ్చులో దిమ్మిసతో కూరి, ఒకటి రెండు రోజుల తర్వాత అచ్చు తీసి, రెండు మూడు వారాలు ఆరనిస్తారు. పూర్తి బలం రావడానికి నెల పడుతుంది. కాల్చిన ఇటుక బరువులో ఎనిమిదో వంతే ఉంటుందని, ఒక్కోటి రెండు మూడు రూపాయల్లో అవుతుందని ఆ బృందం చెప్పింది. గదికి ఇనుప చట్రం వేశారు, గోడలకు బయటా లోపలా సిమెంటు గిలాబు చేశారు, పైకప్పులో పీవీసీ రేకుల మీద ఈ ఇటుకలు పేర్చారు. గది లోపల 5, 6 డిగ్రీల చల్లదనం వస్తుందన్నది వారి మాట.

విశాఖపట్నంలో తరుణ్ జామి, వరుణ్ జామి స్థాపించిన గ్రీన్‌జామ్స్ సంస్థ ఇదే కోవలో ఆగ్రోక్రీట్ అనే దిమ్మెలను తెచ్చింది. పంట మిగులు తునకలకు ఉక్కు, విద్యుత్ పరిశ్రమల ఉప ఉత్పత్తులతో చేసిన బంధకాన్ని జోడించడం వారి పద్ధతి. ప్రయోగాన్ని దాటి సరుకుగా అమ్మే దశకు తీసుకెళ్లడం వీరి ప్రత్యేకత.

బయటి ప్రపంచంలోనూ ఈ దారి సాగుతోంది. ఐరోపాలో గంజాయి జాతి నార మొక్క కాండం ముక్కలను సున్నంతో కలిపి గోడలు నింపే పద్ధతి మూడు దశాబ్దాలకు పైగా వాడుకలో ఉంది. 2014లో న్యూయార్క్‌లో మొక్కజొన్న కాండం తునకల మీద పుట్టగొడుగు వేరుదారాలు పెంచి, అలా గట్టిపడిన సుమారు 10 వేల ఇటుకలతో ఒక తాత్కాలిక గోపురం కట్టారు. తూర్పు లండన్ విశ్వవిద్యాలయం 2023లో చెరకు పిప్పితో షుగర్‌క్రీట్ అనే దిమ్మెను ప్రకటించింది.

ఈ దారిలో చిక్కులూ స్పష్టంగా చెప్పాలి. మొక్క పదార్థంలోని చక్కెరలు సిమెంటును త్వరగా గట్టిపడనివ్వవు. అందుకే చాలామంది సున్నం వాడతారు, లేకపోతే తునకలను వేడినీటిలో నానబెట్టి కడగాలి. చెద, బూజు, తేమ దీనికి ప్రధాన శత్రువులు. సున్నపు క్షారం చెదనూ బూజునూ కొంత ఆపుతుంది. వరంగల్ వానలకు మాత్రం గట్టి గిలాబు, నేల నుంచి కనీసం అడుగున్నర ఎత్తు రాతి పునాది, బయటికి చాచిన చూరు తప్పనిసరి. ఆరబెట్టే నెల రోజులకు నీడ, చోటు కావాలి. వానాకాలంలో అది కష్టం. పత్తికట్టె జనవరి నుంచి మార్చి లోపు దొరుకుతుంది కనుక, ఎండాకాలం పొడి గాలిలో ఇటుక చేసి పెట్టుకోవడం ఇక్కడి కాలానికి సరిపోయే పద్ధతి.

కార్బన్ లెక్కలోనూ నిదానం కావాలి. కిలో ఎండు మొక్క పదార్థం గాలి నుంచి పీల్చి దాచుకున్న కార్బన్ డయాక్సైడ్ సుమారు కిలోన్నర. దాన్ని కాల్చకుండా గోడలో బంధిస్తే ఆ మేరకు మేలు. సున్నం తయారీలో రాయి నుంచే టన్నుకు 785 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది, ఇంధనపు పొగ అదనం. గోడలో గట్టిపడే కొద్దీ సున్నం అందులో కొంత తిరిగి పీల్చుకుంటుంది. సున్నం పాలు తక్కువగా ఉంచినప్పుడే ఈ ఇటుక నిజంగా పర్యావరణానికి మిత్రుడు.

ఏ కొలతతో కొలవాలి

మామూలు కాల్చిన ఇటుకకు ఐఎస్ 1077 ప్రమాణం ఉంది. చదరపు మిల్లీమీటరుకు కనీసం 3.5 న్యూటన్ల బలం, 24 గంటలు నానబెడితే సాధారణ రకాల్లో బరువులో 20 శాతానికి మించని నీటి శోషణ ఉండాలి. బొగ్గు బూడిద, సున్నం ఇటుకలకు ఐఎస్ 12894 వేరుగా ఉంది. మొదటి రెండు దారుల్లో చేసిన ఇటుకలను ఈ కొలతలతోనే పరీక్షించవచ్చు, పరీక్షించాలి కూడా. కాల్చని నార ఇటుక ఈ పరీక్షలో సాధారణంగా నెగ్గదు. సున్నం, నార కలిపిన దిమ్మెల బలం చాలావరకు ఒక న్యూటన్ లోపే ఉంటుంది.

దాన్ని చూసి ఈ ఇటుక పనికిరాదని తేల్చడం తొందరపాటు. ఇప్పుడు పల్లెల్లో కూడా చాలా ఇళ్లకు కాంక్రీటు పిల్లర్లు, బీములు వేస్తున్నారు. బరువు మోసేది ఆ చట్రం, గోడ నడుమ నింపే పనే చేస్తుంది. అలాంటి గోడకు కావలసింది వేడిని ఆపే గుణం. కాల్చిన ఇటుక వేడిని పంపే శక్తి మీటరుకు, డిగ్రీ తేడాకు సుమారు 0.6 నుంచి 0.8 వాట్లు, సున్నం, నార దిమ్మెది దాదాపు 0.1 వాటు. ఎండాకాలంలో 43, 44 డిగ్రీలు దాటే ఊళ్లో ఈ తేడా చిన్నది కాదు. నివాస భవనాల గోడలు ఎంత వేడిని లోపలికి రానివ్వవచ్చో చెప్పే ఎకో నివాస్ సంహిత 2018లోనే వచ్చింది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. ఒంటి అంతస్తు ఇంట్లో ఎక్కువ వేడి వచ్చేది స్లాబు నుంచే. కాబట్టి పత్తికట్టె, సున్నం పలకలను ముందుగా స్లాబు మీద వేడి ఆపే పొరగా వాడటం అన్నిటికన్నా తెలివైన పని. దానిపై నీరు దిగని పూత పకడ్బందీగా వేయాలి.

తక్కువ ఖర్చు ఎక్కడ పుడుతుంది

పంట వ్యర్థం ఉచితం కాబట్టి ఇటుక చౌక అన్న మాట సగమే నిజం. విడి గడ్డి ఘనమీటరుకు 100 కిలోల లోపే తూగుతుంది. ట్రాలీ నిండా ఎక్కించినా బరువు తక్కువ, డీజిల్ ఖర్చు ఎక్కువ. చేనుకూ ఇటుక యూనిట్‌కూ నడుమ 20, 30 కిలోమీటర్లు దాటితే లాభం బండి కిరాయికే పోతుంది. పత్తికట్టెను చేలోనే ముక్కలు చేసి తేవాలి. కాబట్టి జిల్లాకు ఒక పెద్ద ఫ్యాక్టరీ కన్నా రెండు మూడు మండలాలకు ఒక చిన్న యూనిట్ నయం. మిల్లు బూడిద ఇందుకు భిన్నం. అది ఇప్పటికే ఒకచోట పోగై ఉంది, రవాణా తేలిక. ముందు బూడిదతో మొదలుపెట్టాలనడానికి ఇదే ముఖ్య కారణం.

తేలిక ఇటుక చౌకదనం ఇటుక ధర ఒక్కదాన్లోనే చూడకూడదు. గోడ బరువు తగ్గితే బీముల ఇనుము, పునాది ఖర్చు కొంత తగ్గుతాయి. దిమ్మె పెద్దదైతే మాలు, మేస్త్రీ రోజులు తగ్గుతాయి. రేకుల కింద, స్లాబు కింద పగలంతా ఉక్కలో ఉండే ముసలివాళ్లకూ పసిపిల్లలకూ నాలుగైదు డిగ్రీల చల్లదనం వస్తే దాని విలువ ఏ బిల్లులోనూ కనిపించదు, ఆరోగ్యంలో కనిపిస్తుంది. వీటితో పాటు గిలాబు ఖర్చు, ఏళ్లు గడిచాక మరమ్మతు ఖర్చు కూడా కలిపి చూపించినప్పుడే పేద ఇంటి యజమానికి నిజాయితీగా లెక్క చెప్పినట్టు.

విశాఖ నేర్పిన పాఠం

ఈ ప్రయాణం ఎలా సాగాలో చెప్పే ఉదాహరణ మన దగ్గరే ఉంది. విశాఖపట్నంలోని ఇన్స్‌వారెబ్ సంస్థకు చెందిన ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళిదాస్ బొగ్గు బూడిద, సున్నం, జిప్సం కలిపి కాల్చకుండా ఇటుక చేసే ఫాల్-జి పద్ధతిని రూపొందించారు. చిన్న పెట్టుబడిదారుడు కూడా పెట్టుకోగల యూనిట్‌గా దాన్ని మలిచారు. అలాంటి చిన్న యూనిట్లు తగ్గించిన కార్బన్‌కు ప్రపంచ బ్యాంకు కార్బన్ నిధి నుంచి డబ్బు వచ్చే ఏర్పాటు కూడా జరిగింది.

ఆ ఇటుక నిలబడింది సాంకేతికత వల్ల మాత్రమే కాదు. 1999 సెప్టెంబరు 14న కేంద్ర పర్యావరణ శాఖ ఉత్తర్వు ఇచ్చింది. థర్మల్ కేంద్రానికి 50 కిలోమీటర్ల లోపు బూడిద కలపకుండా మట్టి ఇటుకలు చేయకూడదని, విద్యుత్ కేంద్రాలు బూడిదను ఉచితంగా ఇవ్వాలని నిర్దేశించింది. 2003లో ఆ దూరాన్ని 100 కిలోమీటర్లకు, 2016లో 300 కిలోమీటర్లకు పెంచారు. ప్రమాణం వచ్చింది, ప్రభుత్వ పనుల్లో వాడకం వచ్చింది. మొదట్లో బూడిద ఇటుకను చూసి ముఖం తిప్పుకున్న మేస్త్రీలే తర్వాత దానితో గోడలు లేపారు. సరుకు, ప్రమాణం, కొనుగోలు ఒకదాని వెంట ఒకటి నడిచినప్పుడు కొత్త ఇటుక పాతుకుపోతుంది. మిల్లు బూడిదకు, పత్తికట్టెకు అలాంటి ఉత్తర్వు, అలాంటి కొనుగోలు ఇప్పుడు కావాలి.

వరంగల్ ఎక్కడ మొదలుపెట్టాలి

తెలంగాణలో ఇందిరమ్మ ఇళ్ల పథకం 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలైంది. ఇంటికి 5 లక్షల రూపాయల సాయం, తొలి విడతలో నియోజకవర్గానికి 3,500 చొప్పున నాలుగున్నర లక్షల ఇళ్లు లక్ష్యం. ఇంటికి 10 వేల ఇటుకలు అనుకుంటే మొత్తం 450 కోట్ల ఇటుకలు. అన్నీ 3 కిలోల కాల్చిన మట్టి ఇటుకలే అయితే కోటీ 35 లక్షల టన్నుల మట్టి కావాలి. అడుగు లోతున తవ్వితే 7 వేల ఎకరాల పైమట్టి పోయినట్టే. ఈ లెక్కే చాలు, ప్రత్యామ్నాయం సరదా ప్రయోగం కాదని తెలియడానికి.

వరంగల్‌కు కావలసినవన్నీ దగ్గరలోనే ఉన్నాయి. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన నేటి ఎన్ఐటీలో సివిల్ ఇంజనీరింగ్ విభాగం, పరీక్షశాలలు ఉన్నాయి. బూడిద ఇటుకల యూనిట్లు ఉన్నాయి, మిల్లులు ఉన్నాయి, గ్రామాల్లో మహిళా సంఘాలు ఉన్నాయి. వీటిని కలిపే పని వరసగా జరగాలి.

మొదటి ఏడాది మిల్లు బూడిద మీద దృష్టి పెట్టాలి. ఉమ్మడి జిల్లా మిల్లుల బూడిదను ఎన్ఐటీ వంటి సంస్థ పరీక్షించి, ఏ మిల్లు బూడిద ఏ పాళ్లలో పనికొస్తుందో తెలుగులో ఒక పట్టిక ప్రకటించాలి. బూడిద ఇటుకల యూనిట్లు ఆ పట్టిక ప్రకారం కొన్ని అచ్చులు తీసి, ఐఎస్ 12894 పరీక్ష నెగ్గాక ప్రభుత్వ ఇళ్లకు సరఫరా చేయాలి. బూడిద నూరే చోట పనివాళ్లకు ముఖ కవచాలు, ధూళి లేవకుండా నీటి చిలకరింపు ఒప్పందంలోనే రాసి ఉండాలి.

రెండో ఏడాది పత్తికట్టె. ఎక్కువగా పత్తి పండే రెండు మూడు మండలాల్లో చేలోనే కట్టె ముక్కలు చేసే యంత్రాన్ని అద్దెకు తిప్పి, మహిళా సంఘాల చేత సున్నం పలకలు చేయించాలి. వాటిని ముందు అంగన్‌వాడీ, బడి స్లాబుల మీద వేసి, రెండు ఎండాకాలాలు, రెండు వానాకాలాలు లోపలి వేడిని, తేమను కొలవాలి. ఫలితం బాగున్నా బాగోకపోయినా జనానికి చెప్పాలి. దాచిపెట్టిన వైఫల్యం తర్వాతి పదేళ్ల ప్రయత్నాన్ని చెడగొడుతుంది. కొలతలు నిలబడితే అప్పుడు పిల్లర్ల ఇళ్లకు నడుమ గోడలుగా నార దిమ్మెలు తేవచ్చు.

మేస్త్రీని మరిచిపోకూడదు. నార దిమ్మెకు మేకు ఎక్కడ దిగుతుంది, దర్వాజా చట్రం ఎలా పట్టించాలి, కరెంటు పైపుకు గాడి ఎంత లోతు కొట్టాలి అన్నవి అతని చేతికి తెలియకపోతే మంచి ఇటుక కూడా చెడ్డపేరు తెచ్చుకుంటుంది. నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ ఇచ్చే శిక్షణలో ఈ ఇటుకలకు చోటు కల్పించాలి. రైతుకు కట్టె తీసే ఖర్చయినా తిరిగి రావాలి. అతనికి లాభం లేని ఏర్పాటు ఒక సీజన్ దాటదు.

ఈ విషయంపై ఇప్పటిదాకా జరిగిన పనంతా చూశాక నాకు నిలిచే అభిప్రాయం ఇది. ఊక బూడిద ఇటుక రేపే సాధ్యం. పత్తికట్టె పలక రెండు మూడేళ్లలో సాధ్యం. బరువు మోసే గోడకు నార ఇటుక మాత్రం ఇప్పుడే వాగ్దానం చేయకూడదు. ప్రదర్శనలో ఇటుకను చేత్తో ఎత్తి చూపించి చప్పట్లు కొట్టించుకునే దశ గడిచిపోయింది. పరీక్ష నెగ్గిన మిల్లు బూడిద ఇటుకలను ప్రభుత్వ ఇళ్లకు కొంటామని, ఎన్ని కొంటామో, ఏ ధరకు కొంటామో జిల్లా యంత్రాంగం రాతపూర్వకంగా ప్రకటించాలి. ఆ ఒక్క హామీ ఉంటే యూనిట్ పెట్టేవాడికి బ్యాంకు అప్పు ఇస్తుంది, మిల్లరు బూడిదను జాగ్రత్త చేస్తాడు, పత్తి రైతు తన కట్టెకు నిప్పు పెట్టే ముందు ధర అడుగుతాడు.